ఎద్దుతో అన్న మాట

"నువ్వీ గుమ్మం దాటి కోర్టుకెల్లినావంటే మళ్లీ దాటి రావద్దమ్మా. సెప్పీసినాను!"

మోహనకృష్ణ ద్వారబంధానికి రెండు చేతులూ ఆనించి అడ్డంగా నిలబడ్డాడు. గడ్డం ఒక చెంపకే గీసుకున్నాడు. రెండో చెంప మీద సబ్బు నురగ ఆరిపోతోంది. ఇంకో రోజైతే ఆ వాలకం చూసి ఇంటిల్లిపాదీ నవ్వేవారు. ఈ పూట ఆ ఇంట్లో నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

లక్ష్మీనరసమ్మ తొణకలేదు. చిలకపచ్చ చీర పమిట సర్దుకుని చెప్పుల కోసం చూసింది. మూల ఎప్పుడూ ఉండే చెప్పులు లేవు.

"కుసుమా, నా సెప్పులేవే?"

కోడలు కుసుమకుమారి మొగుడి వైపు ఒకసారి, అత్త వైపు ఒకసారి చూసి వంటింట్లోకి జారుకుంది. చెప్పులు ఏమయ్యాయో అర్థమైపోయింది.

"దాసీసినావేట్రా? పిల్లలు కలిగినోడివి, అమ్మ సెప్పులు దాసీసినావా?"

"మరేటి సెయ్యమంటావు? కన్నకొడుకు మీద సాచ్చికం సెప్పడానికి ఎల్తన్నావు. ఊరంతా నవ్వుతన్నాది."

"నీ మీద కాదురా. మీ నాన అన్న మాట..."

"నాన మాటెత్తకు!"

ఆ అరుపుకి పెరట్లో కోళ్లు చెదిరాయి. దావా మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. తల్లి ఏం మాట్లాడినా వింటాడు, తిట్టినా పడతాడు. 'మీ నాన అన్న మాట' అనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం తర్వాతి ముక్క ఆమె నోట్లోంచి బయటికి రానివ్వడు. చచ్చిపోయిన తండ్రి మీద అంత గౌరవమా, లేక అంత కోపమా అన్నది లక్ష్మీనరసమ్మకు ఇప్పటికీ తెలియలేదు.

పక్క వాటాలోంచి ఈశ్వరి వచ్చింది. లక్ష్మీనరసమ్మ పోయిన భర్త జగన్నాధానికి తమ్ముడి కూతురు. పురిట్లో తల్లీ, ఊహ తెలియకముందే తండ్రీ పోతే, పెద్దమ్మ చేతి ముద్ద తిని పెరిగిన మనిషి. ఆమెను చూడగానే మోహనకృష్ణకు ఉన్న మంట రెట్టింపైంది.

"ఒసే, నిన్న రాళ్లు పీకినావు. ఇయాల మా అమ్మని పీకడానికి వచ్చినావా?"

"రాళ్లు పాతింది నువ్వు అన్నియ్యా. నా మడిలో."

"నీ మడా? పాసుబుక్కు ఎవరి పేరున ఉన్నాది?"

"పెదనాన పేరునే ఉన్నాది. దున్నిందీ పెదనానే. పంట ఎవరి గుమ్మంలోకి వచ్చేదో నీకు తెల్దా? పెదనాన బతికున్నన్నాళ్లూ గెడ్డ మడి గింజ ఒక్కటైనా మీ గాదెలో పడిందా?"

"అది ప్రేమ! తండ్రిలేని గుంటవని పెట్టినాడు. పెట్టిన సెయ్యిని కరుస్తావేటి?"

ఈశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిన్న ప్లాట్ల రాళ్లన్నీ ఒంటి చేత్తో పీకి రోడ్డు పక్కన కుప్పేసినప్పుడు రాని నీళ్లు అవి. లేఅవుటు వాళ్లు ఆ మడి మీద కన్నేశారు. లక్ష్మీనరసమ్మ సాక్ష్యం నిలబడితే వాగు పక్కనున్న ఆ గెడ్డ మడి ఈశ్వరిది. నిలబడకపోతే వరి మొలిచిన చోట మేడలు మొలుస్తాయి. అంతకు మించి ఆ దావాలో ఏమీ లేదు.

"పద గుంటా," అంది లక్ష్మీనరసమ్మ. వంగి, కొడుకు చేతి కిందుగా దూరి, వొట్టి కాళ్లతో వీధిలోకి దిగింది. వాడు కావాలంటే ఆపగలడు. ఆపలేదు.

*

గజపతినగరంలో కోర్టు ఎదురు సందులో ప్లీడరు అనూరాధ గది. ఆమెది విజయనగరం. చురుకైన మనిషి, కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురొచ్చింది.

"కొంప మునిగిందండీ మామ్మగారూ! ఒక్క మాట చెప్పండి. జగన్నాధం గారు ఆ మాట అన్నప్పుడు అక్కడ ఎవరెవరున్నారు?"

"ఆయన, నాను."

"ఇంకెవరూ లేరా? బాగా గుర్తు చేసుకోండి."

"ఎవరుంటారు పాపా? ఈ గుంట బడికెల్లింది. మోహనుడు ఇజీనారంలో సదువుకుంటన్నాడు."

అనూరాధ నుదురు కొట్టుకుంది. ఈశ్వరికి భయం పట్టుకుంది.

"ఏటైనాది మేడం? సచ్చిపోయినోళ్ల మాట కోర్టు ఇనదా?"

"అందరూ అలాగే అనుకుంటారు. వింటుంది. అందులోనూ తనకే నష్టం తెచ్చుకునే మాటైతే మరీ వింటుంది. చేతిలో ఉన్న పొలాన్ని 'ఇది నాది కాదు' అని ఎవరూ ఊరికే అనరు కదా. మనం వెళ్లేది ఆ దారినే. కానీ ఆ దారిలో ఒక గేటుంది. మొగుడు పెళ్లానికి చెప్పిన మాట కోర్టులో బయటపెట్టకూడదు. పెట్టాలంటే చెప్పినాయన ఒప్పుకోవాలి."

"ఆయన పోనాడు కదా పాపా."

"పోయినా గేటు తియ్యరు. ఆయన ఆస్తికి వచ్చిన వారసుడు ఒప్పుకోవాలి."

ఈశ్వరి బెంచీ మీద కూలబడింది. "అంటే... మా అన్నియ్య?"

"మీ అన్నయ్యే. మొన్నీమధ్య ఆ చట్టానికి పేరు మార్చారు, నంబర్లు మార్చారు. ఈ ముక్క మాత్రం అలాగే ఉంచారు. అవతలి ప్లీడరు నగరేశ్వరరావు గారు పాత కాపు, ఆయన కంట్లో పడకుండా ఉండదు."

లక్ష్మీనరసమ్మకు ఒళ్లు మండింది. "ఇదెక్కడి న్యాయం? నా మొగుడు నాతో అన్న మాట సెప్పడానికి నా కొడుకు సెలవియ్యాలా?"

"న్యాయం సంగతి తర్వాత. అసలు ఆయన ఆ మాట ఎలా అన్నారు? అన్నది అన్నట్టుగా, ఆయన నోటితో అన్నట్టే చెప్పండి."

లక్ష్మీనరసమ్మ కళ్లు మూసుకుంది. "పసువుల సాలలో మచ్చోడిని కడుగుతన్నాడు. నాను కుడితి కలుపుతన్నాను. ఉన్నట్టుండి అన్నాడు. 'ఒరే మచ్చోడా, గెడ్డ మడి మనది కాదురా. పంపకాల్లో తమ్ముడి వాటాకి పడినాది. ఇప్పుడది గుంటది. మనం కూలోళ్లమిరా, నువ్వూ నానూ' అన్నాడు. నాను ఇన్నాను. కుడితిలోకి నీళ్లు సాలకపోతే బోరింగు కాడికి ఎల్లీసినాను. అంతే."

అనూరాధ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది.

"మచ్చోడంటే?"

"మా ఎద్దు."

"ఎద్దుతో అన్నారా?" అనూరాధ కేకకి పక్క గదిలో టైపు ఆగిపోయింది. "మామ్మగారూ, ఈ మాట మీరు నాతో ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"సెప్పడానికేటున్నాది? ఆయన ఎప్పుడూ అలాగే మాటాడేవోడు."

నిజమే. జగన్నాధం పెళ్లి చేసుకున్ననాటికి అది పెద్ద ఉమ్మడి ఇల్లు. పెద్దల ఎదుట పెళ్లాంతో మాట్లాడితే మర్యాద కాదు. అందుకని చెప్పాల్సింది ఎద్దుకు చెప్పేవాడు. 'మచ్చోడా, రేపు సంతకెల్లాల్రా' అంటే ఆమె సంచీ తీసి పెట్టేది. 'మచ్చోడా, ఇంట్లో ఉప్పయిపోనాదని సెప్పరా' అని ఆమె కూడా ఎద్దుకే చెప్పేది, సాయంత్రానికి ఉప్పు వచ్చేది. పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అలవాటు మాత్రం పోలేదు. నాలుగు గోడల మధ్య సంగతి మనకు తెలియదు గాని, నలుగురు మసిలే చోట ఆయన ఆమెను పేరు పెట్టి పిలవలేదు, ఒసే అని కూడా అనలేదు. ఒక దసరాకి మాత్రం సాల గుమ్మంలో నిలబడి, 'మచ్చోడా, ఈ సిలకపచ్చ సీర బాగున్నాదిరా' అన్నాడు. ఆ చీరే ఇవాళ ఆమె ఒంటి మీద ఉంది.

అనూరాధ కుర్చీలోంచి లేచి గదంతా తిరుగుతోంది. ఆమెకు ఆనందం పట్టరాకుండా ఉంది.

"మీతో అంటే గేటు పడుతుంది. ఎద్దుతో అంటుంటే మీరు విన్నారంటే గేటే లేదు! ఎద్దు మీ ఆయనకు పెళ్లాం కాదు కదా! ఆయన నోటి వెంట వచ్చిన పిలుపు ఏమిటి? ఒరే మచ్చోడా. అంతే. ఉన్నదున్నట్టే రాద్దాం. అబద్ధం ఒక్క ముక్క లేదు."

అఫిడవిట్ మళ్లీ టైపు చేయించింది. 'నా భర్త తన ఎద్దుతో అనుచుండగా నేను వినియున్నాను' అని చదివి వినిపించింది. ఈశ్వరి చప్పట్లు కొట్టినంత పని చేసింది. లక్ష్మీనరసమ్మ వేలిముద్ర వెయ్యలేదు, వంకర అక్షరాలతో సంతకమే పెట్టింది. పెట్టి, కలం బల్ల మీద వదిలేసి బయటికి నడిచింది.

కోర్టు మెట్ల దగ్గర ఈశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, ఏటైనాది?"

"ఏటీ నేదు."

"నాకు తెల్దేటి నీ మొకం?"

లక్ష్మీనరసమ్మ పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఆయన నాతో మాటాడింది ఆ ఒక్క దారినే గుంటా. అది కూడా ఎద్దుదే అని రాసీసింది ఆ పాప. మరి నాకేటి మిగిలినాది?"

ఈశ్వరి మెట్ల మీదే ఆగిపోయింది. "వద్దులే పెద్దమ్మా. ఎనక్కెల్లిపోదాం. మడి పోతే పోనాది," అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో గొంతు చెప్పేసింది.

"పోనాదేటి? ఎలా పోతాది?" లక్ష్మీనరసమ్మ ఆమెను కసురుకుంది. "పద. బేగి పద."

*

కోర్టు హాలు కిటకిటలాడుతోంది. ఎద్దు సంగతి అప్పుడే ఎలా పాకిందో, వేరే దావాల వాళ్లు కూడా గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మోహనకృష్ణ ముందు బెంచీలో కూర్చున్నాడు. రెండో చెంప కూడా గీసుకున్నాడు గాని తొందరలో తెగినట్టుంది, గవదకి చిన్న కాగితం ముక్క అంటించి ఉంది.

లక్ష్మీనరసమ్మ వొట్టి కాళ్లతో బోనెక్కింది. ప్రమాణం చేసింది. అఫిడవిట్ తనదేనని ఒప్పుకుంది. నగరేశ్వరరావు గౌను సర్దుకుని లేచాడు. నవ్వుముఖం మనిషి. ఆ నవ్వును నమ్మినవాళ్లు బాగుపడలేదని ఆ కోర్టులో పేరు.

"అమ్మా, ఎద్దు పేరేమిటి?"

"మచ్చోడు."

"మచ్చోడు ఇప్పుడెక్కడ?"

"పోనాడు. ఆయన కంటే ముందే పోనాడు."

"అయ్యో. అయితే ఈ మాట అన్నవారూ లేరు, వినిన ఎద్దూ లేదు." హాల్లో నవ్వులు. "పోనీ, మీ ఆయన మాటకు మచ్చోడు ఏమని జవాబిచ్చాడు?"

"ఎద్దులు మాటాడవు బాబూ. మీ ఊళ్లో మాటాడతాయేటి?"

ఈసారి నవ్వు ఆయన మీద పేలింది. జడ్జీ గారు కూడా పెన్ను నోటికి అడ్డం పెట్టుకున్నారు. అనూరాధ బల్ల కింద పిడికిలి బిగించింది.

నగరేశ్వరరావు కూడా హాయిగా నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు.

"ఇంట్లో ఉప్పయిపోతే మీరూ మచ్చోడికే చెప్పేవారట?"

లక్ష్మీనరసమ్మ కొడుకు వైపు చూసింది. ఇంటి గుట్టు ఎవరు చెప్పారో తెలిసింది. మోహనకృష్ణ తల వంచుకున్నాడు.

"సెప్పీదాన్ని."

"ఉప్పు ఎవరు తెచ్చేవారు? ఎద్దా?"

"ఆయన."

"పులుసు పుల్లగా ఉందిరా అని ఆయన ఎద్దుతో అంటే, మర్నాడు చింతపండు తగ్గించేది ఎవరు?"

"నానే."

"అంటే ఎద్దును పిలిచినా, చెప్పేది మీకే. అవునా? మీ ఆయన ఆ ఇంట్లో మీతో మాట్లాడిన పద్ధతే అది. అవునా, కాదా?"

"అభ్యంతరం!" అనూరాధ లేచింది. "సాక్షి అభిప్రాయం అడుగుతున్నారు."

"అభిప్రాయం కాదు, ఆవిడ కాపురం గురించి అడుగుతున్నాను," అన్నాడు నగరేశ్వరరావు.

జడ్జీ గారు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపారు. బోను వైపు తిరిగి మెల్లగా అడిగారు. "అమ్మా, తొందరేం లేదు. బాగా ఆలోచించి చెప్పండి. ఆ రోజు గెడ్డ మడి గురించి మీ ఆయన చెప్పింది ఎవరికి? ఎద్దుకా, మీకా?"

'ఎద్దుకి' అంటే చాలు. ఒక్క మాట. ఈశ్వరి మడి ఈశ్వరికి వచ్చేస్తుంది. అనూరాధ కళ్లతోనే బతిమాలుతోంది. లక్ష్మీనరసమ్మ ఈశ్వరిని చూసింది. తన చేతి ముద్ద తిన్న నోరు అది. బోను కర్ర మీద చేతులు పెట్టుకుని, చిలకపచ్చ కొంగు మీదికి చూపు దించింది.

"నాతోనే బాబూ," అంది.

అనూరాధ కుర్చీలో కూలబడింది.

"ఎద్దుకి పులుసెందుకు? ఎద్దుకి సీర రంగెందుకు? గెడ్డ మడి ఎవరిదైతే దానికేటి? నాతోనే అన్నాడు. కాపురమంతా నాతోనే మాటాడినాడు. దేవుడి మీద ఒట్టేసి ఆయన నాతో మాటాడనేదని ఎలా సెప్పేది?"

నగరేశ్వరరావు గొంతులో పండగ వినిపించింది. "భర్త భార్యకు చెప్పిన మాటేనని సాక్షే ఒప్పుకుంది. భర్త సమ్మతి లేదు, వారసుడి సమ్మతి లేదు. ఆ వాక్యం మొత్తం రికార్డులోంచి కొట్టెయ్యాలని కోరుతున్నాను."

"వారసుడు సమ్మతించడం లేదా?" అడిగారు జడ్జీ గారు.

"ఎందుకు సమ్మతిస్తాడండీ? అతనే కదా ప్రతివాది!"

లక్ష్మీనరసమ్మకు సగమే అర్థమైంది. ఆ సగమే చాలింది. ఆమె జడ్జీని వదిలేసి కొడుకు వైపు తిరిగింది. బంట్రోతు 'అటు చూడాలమ్మా' అంటున్నా వినలేదు.

"ఒరే మోహనా! ఇంటికాడ నువ్వు నోరు మూయించీసినావు. ఇక్కడ సట్టం మూయిస్తన్నాది. మీ నాన మాట మరి నాను ఎక్కడ సెప్పుకోవాల్రా?"

మోహనకృష్ణ లేచాడు.

"కూర్చోవయ్యా, నువ్వు లేవక్కర్లేదు," నగరేశ్వరరావు అతని చొక్కా పట్టుకుని లాగాడు. "గెలిచేశాం."

"వొగ్గండి ప్లీడరు గారూ." అతను కూర్చోలేదు. గవద మీది కాగితం ముక్క ఊడి కింద పడింది. "అయ్యా, ఆ మాట నానూ ఇన్నాను."

జడ్జీ గారు పెన్ను కింద పెట్టారు. అనూరాధ కూర్చున్నచోటి నుంచి ఎగిరి లేచింది. ఈశ్వరి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇన్నాళ్లూ తండ్రి మాట ఎత్తనివ్వనిది అందుకేనా! తెలియక కాదు, తెలిసే!

"ఆయేల బస్సు దిగి పెరటి దోవన వచ్చినాను. సాల ఎనకాల నిలబడి సిగరెట్టు కాలుస్తన్నాను. నానకి తెలిస్తే సంపీసేవోడు, అందుకే కదలకుండా ఉండిపోనాను. గెడ్డ మడి గుంటదన్నాడు. మనం కూలోళ్లమన్నాడు. అంతా ఇన్నాను."

"ప్రతివాది తన వంతు వచ్చినప్పుడు బోనులో చెప్పాలి," అంటున్నారు జడ్జీ గారు. ఆ గొంతులో కాఠిన్యం లేదు.

"సెప్తానండి. బోనెక్కే సెప్తాను. కానీ మా అమ్మకి తెలీంది ఇంకొకటున్నాది." అతను తల్లి ముఖంలోకి చూడలేక, నేల మీద ఆమె వొట్టి కాళ్లను చూస్తూ అన్నాడు. "అమ్మా, నువ్వు నీళ్లకి బోరింగు కాడికెల్లినావు కదా. నువ్వెల్లిపోయినాక కూడా నాన ఆపనేదు. సాలాసేపు మాటాడినాడు. మచ్చోడి మెడ మీద సెయ్యేసి, మచ్చోడితోనే. అప్పుడు అసలు మాట అన్నాడు."

హాలంతా ఒక్కసారిగా గోల లేచింది. నగరేశ్వరరావు ఏదో అరుస్తున్నాడు. పెళ్లాం లేనప్పుడు అన్న మాటకు గేటు లేదని అనూరాధ ఇంకా గట్టిగా అరుస్తోంది, ఆమె ముఖం వెలిగిపోతోంది. జడ్జీ గారు బల్ల మీద కొడుతున్నారు. ఆ అసలు మాట ఏమిటని ఈశ్వరి అన్నను అడుగుతోంది, గోలలో ఆమె గొంతు ఎవరికీ వినబడడం లేదు.

బోనులో లక్ష్మీనరసమ్మ మాత్రం ఆ మాట ఏమిటని అడగలేదు. మడి సంగతీ అడగలేదు. కర్ర పట్టుకున్న చేతులు వదిలేసి, కొడుకునే చూస్తూ అడిగింది.

"అయితే... నాతో కాదేట్రా?"